నంబరు లేని పేరు

పెంటయ్య బండిలో ముందు అద్దం కింద కొమురవెల్లి మల్లన్న పటం ఉండేది. పొద్దున్నే బండి కడిగి, పటానికి ఇంత పసుపు బండారి పెట్టి, వేళ్ళకు మిగిలింది తన నుదుటికి రాసుకున్నాక గానీ తాళం తిప్పేవాడు కాదు. సకల జనుల సమ్మె మొదలైన ఏడు ఆ పటం పక్కన ఇంకొకటి చేరింది. తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో 'జై తెలంగాణ' అని రాసి అద్దానికి అతికించాడు. ఆ కాగితం లేని బండి ఆ రోజుల్లో గచ్చిబౌలి చౌరస్తా దాటడం కష్టంగా ఉండేది నిజమే. కానీ ఒట్టి అవసరమే అయితే అంత పెద్ద అక్షరాలు రాసేవాడు కాదు.

బండి ఒక ట్రావెల్స్ వాళ్ళది. హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి నడుస్తుంది. పెంటయ్య తీసుకుపోయేది కృష్ణప్రియ మేడంని. మణికొండలో ఎక్కుతుంది, ఆఫీసు దగ్గర దిగుతుంది, సాయంత్రం మళ్ళీ ఎక్కుతుంది. కంపెనీలోకి కొత్తవాళ్ళను వెతికి తీసుకోవడం ఆమె పని. ఆమెది భీమవరం వైపు. పెంటయ్య అనే పేరు పిలవడానికి ఆమెకు నోరాడలేదు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాణ్ణి పెంట మీద దొర్లించి ఆ పేరు పెడతారనీ, అలా పెడితే చావు కన్ను వాడి మీద పడదనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకని 'డ్రైవర్ గారూ' అనేది. ఆ గారు అన్న మాటకు పెంటయ్య మురిసిపోయేవాడు. కానీ అందువల్లనే, ఏళ్ళ తరబడి ఒకే బండిలో తిరుగుతున్నా, ఆమెకు అతని ఇంటిపేరు తెలియదు. అతనికి చదువుకున్న కూతురు ఉన్నదనీ తెలియదు.

కూతురు పేరు అనూష. ఘట్‌కేసర్ దగ్గరి కాలేజీలో బీటెక్ చదివింది. ఉద్యమం వేడి మీదున్న రోజుల్లో పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి, చేతికి పట్టా వచ్చేసరికి కంపెనీల ఎంపికలన్నీ అయిపోయాయి. మరుసటి ఏడు కంపెనీలకు పోతే, ఈ ఏడు పాసైనవాళ్ళే కావాలన్నారు. ఈ ఏడాది గడిస్తే ఇక అడిగేవాడు ఉండడని ఆమెకు తెలుసు.

"పాత బియ్యానికి ధర ఉంటది గని, పాత బ్యాచ్‌కు ఉండది నాయినా" అనేది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే పెంటయ్యకు అన్నం దిగేది కాదు.

ఒకరోజు బండిలో కృష్ణప్రియ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఇప్పుడు పేపర్లో ప్రకటనలు ఎవరిస్తున్నారు వదినా? అంతా ఆ ఉద్యోగాల సైట్‌లోనే. చదువుకున్నవాళ్ళందరూ పేరు, చదువు అందులో పెట్టుకుంటారు. మాకు కావలసినవాళ్ళని మేమే వెతుక్కుని పిలుస్తాం. సిఫారసు పట్టుకుని చుట్టూ తిరిగేవాళ్ళని చూస్తేనే నాకు చిరాకు."

ఆ మాటలను పెంటయ్య ప్రసాదంలా ఇంటికి పట్టుకుపోయాడు. గోపన్‌పల్లిలో వాళ్ళు కిరాయికి ఉంటున్న గది పక్క సందులోనే మహేందర్ నెట్ సెంటర్. ఆ సాయంత్రమే కూతుర్ని వెంటబెట్టుకుని పోయాడు. మహేందర్ కంప్యూటర్ ముందు కూర్చుని అడగడం మొదలుపెట్టాడు.

"పేరు దొంతరబోయిన అనూష. రాసిన. ఫొటో ఏదే పెంటన్నా?"

"ఆడపిల్ల ఫొటో ఊరందరికి ఎందుకురా?"

"సరే. ఫోన్ నంబర్ చెప్పు."

"నంబర్ అసలే వద్దు. మొన్న మా పక్కింటి పిల్ల నంబర్ ఎవనికో దొరికితే నెల దినాలు పరేషాన్ చేసిండ్రు."

"నంబర్ లేకుంటె ఎట్ల పిలుస్తరే?"

"పిలిచేటోళ్లు అండ్లనే పిలుస్తరట. మేడమే చెప్పంగ విన్న."

అనూష మెల్లగా అన్నది, "నాయినా, ఇండ్ల కంపెనీలోళ్లకు మనమే రాయొచ్చు. ఇద్దరు ముగ్గురికి రాస్త."

"వద్దు బిడ్డా. మనమే ముందుగాల అడిగితె లోకువైతం. మీ మేనత్త పెండ్లికి మీ తాత ఎవ్వని గడప తొక్కలె. సంబంధమే ఇంటి ముందుకు నడుచుకుంట వచ్చింది."

"గది పెండ్లి, గిది నౌకరి."

"మర్యాద రెంటికీ ఒక్కటే."

ఇంటికి వచ్చాక ఈ మాట విని భార్య నర్సమ్మ పొయ్యి దగ్గర నుంచే అన్నది. "ఆ నడుచుకుంట వచ్చినోడేనా? పనిపాట లేక ఇప్పటికీ నడుచుకుంటనే తిరుగుతున్నడు."

అనూష పకపకా నవ్వింది. పెంటయ్యకూ నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు.

"అదంత ఎందుకు" అన్నది నర్సమ్మ మళ్ళీ. "దినాం నీ బండ్ల కూసునే మేడమే కద నౌకర్లిచ్చేది. ఒక్క మాట చెవులేస్తె నీ సొమ్మేం పోతది?"

"సిఫారసు అంటె ఆమెకు మంట. చెవులార విన్న. నేను అడిగితె పిల్లకు వచ్చేది గూడ పోతది. పేరు పెట్టినం కద, ఇగ ఫికర్ లేదు. దేవుడున్నడు."

"దేవున్ని మాత్రం పొద్దున లేస్తె అడుగుతవు. అక్కడ లోకువ గావా?"

పెంటయ్య చేయి కడుక్కుని లేచిపోయాడు. మనిషిని అడగడం చిన్నతనమైనప్పుడు దేవుణ్ణి అడగడం ఎందుకు కాదో అతనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి కొంచెం ఆలోచించాడు. తెగలేదు. నిద్రపోయాడు.

తర్వాత సమ్మె ఊపందుకుంది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. బొగ్గు గనులవాళ్ళు కూడా సమ్మెలోకి దిగడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. ఊరి జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. మహేందర్ నెట్ సెంటర్ షట్టర్ దించి, మెడలో గులాబీ కండువా వేసుకుని అక్కడే గరిటె తిప్పుతూ కనిపించాడు. సెలవు దొరికిన రోజు పెంటయ్య కూడా పోయి ఉల్లిగడ్డలు కోశాడు. మైకులో ఎవరో నీళ్లు, నిధులు, నియామకాలు అంటుంటే మూడో మాట దగ్గర అతని గుండె ఒక్కసారి ఎగిసింది. నియామకాలంటే నౌకర్లు. తన బిడ్డ లాంటి వాళ్ళ కోసమే కదా ఇంత మంది రోడ్డు మీద కూర్చున్నది.

బతుకమ్మ ఆ ఏడు వీధుల్లో కాక రోడ్ల మీద ఆడారు. అనూష కూడా పోయి ఆడింది. ఆడి వస్తూ వస్తూ ప్రతిరోజూ నెట్ సెంటర్ వైపు తొంగి చూసేది. షట్టర్ దించే ఉండేది. చుట్టుపక్కల ఇంకో నెట్ సెంటర్ లేదు.

"తెరుస్తడు బిడ్డా. పండుగ పోనీ" అనేవాడు పెంటయ్య. "పేరు ఎక్కడికి పోతది? అండ్లనే ఉంటది."

దసరాకు ముందు ఒక పొద్దున గచ్చిబౌలి చౌరస్తాలో ధర్నా జరుగుతోంది. బండ్లన్నీ నిలిచిపోయాయి. వెనక సీట్లో కృష్ణప్రియ ఫోన్‌లో తన పైఅధికారితో మాట్లాడుతోంది. ఆమె గొంతులో విసుగు ఉంది.

"తెలుసు సర్. సగం మంది రావట్లేదు, టెస్టింగ్‌లో మనిషి అర్జెంటుగా కావాలి. ఒకమ్మాయిని చూశాను సర్. మార్కులు చాలా బాగున్నాయి. ఆఫీసుకి దగ్గర్లోనే ఉంటుంది, బస్సులు లేకపోయినా వచ్చేయొచ్చు. ఆటోలో అయినా రావచ్చు... లేదు సర్, జవాబే లేదు. సైట్‌లో రెండు మెసేజ్‌లు పెట్టాను. ఫోన్ నంబరు పెట్టుకోలేదు. ఫొటో కూడా లేదు. ఏమో మరి... సరే సర్, ఇవాళ తేల్చేస్తాను."

ఫోన్ పెట్టేసి కిటికీలోంచి బయటకు చూసింది. ధర్నాలో డప్పులు మోగుతున్నాయి. బండి కదలదు. మాట్లాడడానికి ఇంకెవరూ లేరు.

"చూశారా డ్రైవర్ గారూ, ఉద్యోగాలు లేవు లేవు అంటారు. పిలిచి ఇస్తామంటే పలికేవాళ్ళు లేరు."

పెంటయ్యకు ఆ పేరు తెలియని పిల్ల మీద కోపం వచ్చింది. తన బిడ్డ రోజూ మూసిన షట్టర్ చూసి వస్తోంది. ఇక్కడ ఎవరో పిలిచినా పలకకుండా కూర్చుంది. ఎంత ఉన్నోళ్ల పిల్లో.

"గింత పొగరేంది మేడం?"

"పొగరో, ఇంకెక్కడైనా వచ్చిందో. మాకైతే ఒకటే లెక్కండి. రెండుసార్లు పిలిచినా పలకలేదంటే ఇష్టం లేనట్టే. అయినా మార్కులు చూస్తే వదలబుద్ధి కావట్లేదు. ఇంకోసారి అడగనా వద్దా అని చూస్తున్నా. మీరేమంటారు?"

ఆమె నిజంగా అడగలేదు. ఊరికే అన్నది. కానీ పెంటయ్యను అంతకు ముందెప్పుడూ ఎవరూ అలా అడగలేదు. స్టీరింగ్ మీద చేతులు ఆనించి, అద్దంలో ఆమెను చూస్తూ, పెద్దమనిషిలా చెప్పాడు.

"వద్దు మేడం. అవసరమున్నోళ్లు ఉరికొస్తరు. అవసరం లేనోళ్లను ఎన్నిసార్లు బతిమిలాడుతరు? ఇడిసిపెట్టుండ్రి. ఆశపడి ఎదురుచూసే పిల్లలు మస్తుమంది ఉన్నరు. అసొంటోళ్లకు ఇయ్యుండ్రి, పుణ్యముంటది."

"అంతేనంటారా?"

"అంతే మేడం."

కృష్ణప్రియ తలూపి ఒళ్ళోని కంప్యూటర్ తెరిచింది. ఏదో టైపు చేసింది. చిన్నగా చప్పుడై ఆగిపోయింది. పెంటయ్య మల్లన్న పటం వైపు చూసి మనసులో దండం పెట్టుకున్నాడు. గసొంటి పిలుపు నా బిడ్డకు ఒక్కటి రానీ తండ్రీ, ఒక్కటి చాలు అన్నాడు.

కాసేపటికి ధర్నా లేచింది. బండి కదిలింది.

పండుగ పోయాక మహేందర్ షట్టర్ ఎత్తాడు. ఆ సాయంత్రం పెంటయ్య ఇల్లు చేరేసరికి అనూష గడప మీద కూర్చుని ఉంది. లోపల నర్సమ్మ రొట్టెలు కాలుస్తోంది. పళ్ళెం ముందుకు జరిపి అన్నది, "తిను ముందు."

"ఏమైంది?"

"తిను అంటున్న గద."

అనూషే చెప్పింది. "వచ్చింది నాయినా. పిలుపు వచ్చింది."

పెంటయ్య మొహం విప్పారింది. "అరె! నేను చెప్పలె? ఏ కంపెనీ?"

అనూష కంపెనీ పేరు చెప్పింది. పెంటయ్య చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. అది ప్రతిరోజూ అతను మేడంని దింపే గేటు మీద ఇత్తడి అక్షరాలతో ఉండే పేరు.

"మొదలు రాసిండ్రు, మీ వివరాలు చూసినం, ఆఫీసుకు వస్తరా, నంబర్ పంపుండ్రి అని. ఆ తరువాత, మీ జవాబు కోసం చూస్తున్నం అని. ఆఖరుకు ఇంకొకటి." అనూష చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "మీకు ఇష్టం లేదని అనుకుంటున్నం, మీకు మంచి జరగాలె అని. నేను ఇయ్యాల జవాబు పెట్టిన. ఆ జాగ నిండిపోయిందని ఎంబడే వచ్చింది."

"ఎవరు రాసిండ్రు?"

"కృష్ణప్రియ అట."

నర్సమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆమెకు ఆ పేరు తెలుసు. కానీ ఆమెకు తెలిసింది సగమే. మూసిన నెట్ సెంటర్‌నూ, నంబరు పెట్టనివ్వని మొగుణ్ణీ ఆమె తిట్టుకుంటోంది. బండిలో జరిగింది పెంటయ్య ఒక్కడికే తెలుసు.

అతను పళ్ళెం పక్కకు నెట్టి బయటికి పోయాడు. బండిలో కూర్చున్నాడు. పటం మీద పొద్దున పెట్టిన బండారి ఎండి రాలుతోంది. అడిగింది ఇచ్చినవు కదా తండ్రీ, అనుకున్నాడు. తెచ్చి నా బండిలోనే కూర్చోబెట్టినవు. నా చెవిన వేసినవు. ఆమెతో ఆ ఒక్క పేరు ఎందుకు చెప్పించలేదు? పేరు ఒక్కటి నోట వస్తే సరిపోయేది కదా. అంత దూరం తెచ్చినవాడివి ఆ ఒక్క అడుగు ఎందుకు ఆపినవు?

పెంటయ్యకు అప్పుడు ఇంకో సంగతి తోచింది. పేరు చెప్పవలసింది తానే. ఏళ్ళ తరబడి.

మర్నాడు మణికొండలో కృష్ణప్రియ ఎక్కి కూర్చున్నాక అతను బండి తీయలేదు. వెనక్కి తిరిగి అన్నాడు.

"మేడం, ఒక్క మాట. ధర్నా దినం మీరు ఒక పిల్ల సంగతి చెప్పిండ్రు. నంబర్ లేదు, జవాబు లేదు అన్నరు. అనూష గద పేరు?"

"అవును. మీకెలా తెలుసు?"

"నా బిడ్డ మేడం."

కృష్ణప్రియ చేతిలో నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

"మీ అమ్మాయా? నిన్న జవాబు పెట్టింది కదా... అయ్యో, మీకో కూతురుందని ఒక్కనాడైనా చెప్పలేదేంటండీ?"

"సిఫారసు అంటె మీకు గిట్టదని విన్న మేడం. సైట్ల పేరుంటె చాలు, మీరే వెతుక్కుంటరని."

ఆమె కళ్ళు దించుకుంది. "అది ఫోన్‌లో ఏదో గొప్పకి అనే మాటండి. మేము వెతకడం నిజమే. కానీ చేరినవాళ్ళలో సగం మంది, ఎవరో తెలిసినవాళ్ళు ఈ పేరు చూడండి అని చెబితే చూసినవాళ్ళే. చెప్పడం సిఫారసు కాదు. నాకు తెలిసుంటే నేను ఫోన్ చేసేదాన్ని కదా. మీ ఫోన్‌కే చేసేదాన్ని."

పెంటయ్య తలూపాడు. అడగవలసిన మాట ఒకటి ఇంకా ఉంది.

"ఆ జాగల ఎవరన్న చేరిండ్రా మేడం?"

"చేరిపోయింది. కరీంనగర్ అమ్మాయి. తండ్రి లేడు. తల్లి బీడీలు చేసి చదివించిందట." ఆగి అన్నది. "మీరే అన్నారు కదా, ఆశపడి ఎదురుచూసేవాళ్ళకి ఇవ్వమని. అందుకే ఆ అమ్మాయిని పిలిచాను."

ఆ తండ్రి లేని పిల్లకు చెడు జరగాలని కోరుకోవడం పెంటయ్య వల్ల కాలేదు. కోరుకోగలిగితే కొంచెం తేలికయ్యేదేమో. అతను ముందుకు తిరిగి బండి తీశాడు. కృష్ణప్రియ దిగేటప్పుడు, మళ్ళీ ఏదైనా ఉంటే తప్పకుండా చూస్తానన్నది. మనస్ఫూర్తిగానే అన్నది. కానీ వచ్చే నెల నుంచి ఎక్కువగా కాలేజీలకే వెళ్ళి కొత్త బ్యాచ్‌ను తీసుకుంటారని ఆమె ఫోన్‌లో చెప్పగా అతను ఇదివరకే విన్నాడు.

ఆ సాయంత్రం పెంటయ్య కూతురికి చెప్పేశాడు. దాచుకోవాలనే అనుకున్నాడు గానీ, ఆమె గడప మీద కూర్చుని "వాళ్ళు గంత మంచిగ రాసిండ్రు నాయినా, ఇంకొక్కసారి ఎందుకు అడగలేదో" అనేసరికి ఆగలేకపోయాడు.

అనూష అంతా విన్నది. "నువ్వు నిజంగ గట్లన్నవా? ఇడిసిపెట్టుమని?"

"అన్న బిడ్డా. ఉన్నోళ్ల పిల్ల అనుకున్న."

తిడుతుందేమోనని పెంటయ్య చూశాడు. తిడితే బాగుండుననే చూశాడు. లోపల నర్సమ్మ పొయ్యి ఆర్పేసింది.

చివరికి అనూష లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"మహేందరన్న దగ్గరికి. నంబర్ పెట్టొస్త."

"నాది గూడ పెట్టు బిడ్డా. నీది ఎత్తకుంటె నాకన్న చేస్తరు."

నంబర్లు పెట్టాక ఫోన్లు రాకపోలేదు. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోమని ఒకరు, ఇన్సూరెన్స్ కట్టమని ఒకరు. బండి నడుపుతూ ఫోన్ ఎత్తకూడదని ట్రావెల్స్ వాళ్ళ రూలు. పెంటయ్య ప్రతిసారీ బండి పక్కకు ఆపి ఎత్తేవాడు. "హలో, అనూష తండ్రిని" అనేవాడు. విని పెట్టేసేవాడు.

సంక్రాంతి దాటాక అనూష నల్లగండ్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి చేరింది. పిల్లలకు బాగా చెబుతుందని పేరు వచ్చింది. పాత బియ్యం మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున, అదే గచ్చిబౌలి చౌరస్తాలో మళ్ళీ బండ్లు ఆగిపోయాయి. ఈసారి ఎందుకో తెలియదు. వెనక కృష్ణప్రియ ఫోన్‌లో అంటోంది. "నల్గొండ అబ్బాయండి. రెండుసార్లు రాశాను. జవాబు లేదు. సరే, వదిలేద్దాం." ఫోన్ పెట్టేసింది.

పెంటయ్య అద్దంలోకి చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"మేడం, ఇంకొక్కసారి అడగరాదుండ్రి. కరెంటు లేదేమో. ఊరికి పోయిండేమో. వాళ్ళ నాయిన నంబర్ పెట్టొద్దన్నడేమో."

కొంతసేపటికి వెనక కంప్యూటర్ తెరిచిన చప్పుడైంది. ఆమె ఆ పిల్లవాడికే రాస్తోందో, వేరే పని చూసుకుంటోందో అద్దంలో చూస్తే తెలిసేది. పెంటయ్య చూడలేదు. ముందు బండి కదిలితే గేరు వేసి తనూ కదిలాడు.